నాకు కరోనా రాలేదని ఎవరు చెప్పారు?

ఒరేయ్ మామా,

నీ ఉత్తరం అందింది. 108లో టెక్నీషియన్‌గా చేరుతున్నావంటే భలే సంతోషమేసింది. కానీ చివర్లో ఆ ముక్క ఏమిట్రా, "కరోనా కాలమంతా చెన్నైలో ఎమర్జెన్సీలోనే ఉన్నావు, నీకు రానే లేదు, ఏం మందు వాడావు" అని! నాకు జ్వరం రాలేదు, అంతే. వైరస్ రాలేదని ఎవరు చెప్పారు?

అప్పట్లో డ్యూటీకి వెళ్తే గేటు దగ్గర నుదుటికి థర్మల్ గన్ పెట్టి "పోంగ సార్" అని పంపేవాళ్లు. మాకు రోజూ జరిగే పరీక్ష అదొక్కటే. జ్వరం లేనివాడు దానికి దొరకడు. ఈ వైరస్సేమో లక్షణాలు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే పక్కవాడికి అంటుకుంటుంది. కొందరికైతే లక్షణాలే ఉండవు. దగ్గో జ్వరమో ఉంటే తప్ప మాకు స్వాబ్ తీసేవాళ్లు కాదు. తీయకపోతే పాజిటివ్ ఎక్కణ్ణుంచి వస్తుంది?

పైగా ఎమర్జెన్సీకి వచ్చేవాడు రిపోర్టు పట్టుకుని రాడు కదా. యాక్సిడెంటో గుండెపోటో అయితే ఆర్టీపీసీఆర్ వచ్చేదాకా ఆగమంటామా? గొంతులో ట్యూబ్ వేయాలి, సక్షన్ పెట్టాలి. గాల్లోకి తుంపర్లు లేచేది అప్పుడే. అయితే నన్నడిగితే పేషెంట్ల కంటే మా డ్యూటీ రూమే ప్రమాదం. కిటికీ లేని ఏసీ గది, అందరూ మాస్కులు తీసి ఒకేసారి టిఫిన్. ఆపైన అందరికీ తలా గ్లాసు కబసుర కుడినీర్, అదే సిద్ధ వైద్యం కషాయం! ఆ చేదు ఇప్పటికీ నాలుక మీదే ఉంది.

తర్వాత ఓసారి స్టాఫందరికీ యాంటీబాడీ టెస్ట్ చేశారు. నాకు ఐజీజీ, అంటే వైరస్ వచ్చిపోయాక రక్తంలో మిగిలే యాంటీబాడీ, పాజిటివ్. ఎప్పుడు వచ్చిపోయిందో దేవుడికే తెలియాలి. నేను నవ్వి ఊరుకున్నాను గానీ, హౌస్‌కీపింగ్ అక్క ఒకామె ఉంది, వ్యాసర్‌పాడిలో ఉంటుంది, తాతల నాడే నెల్లూరు వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్లే, ఆమె మాత్రం కూలబడిపోయింది. ఒకటే గది, అందులోనే అత్తగారు. "ఆయమ్మకి అప్పుడు దగ్గొచ్చింది, నేనే తెచ్చానేమో తమ్ముడూ" అని ఏడ్చింది. డాక్టర్లకు ఎన్95లు, ఆమెకు గుడ్డ మాస్కు. ఆమెకు ఒక్కసారైనా స్వాబ్ తీసిన పాపాన పోలేదు. నాకు ఇప్పటికీ మండేది అక్కడేరా.

ఇది మా ఒక్కచోటి కథ కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్లు 2020 డిసెంబరు, 2021 జనవరిల్లో దేశమంతా చేసిన సర్వేలో వైద్య సిబ్బందిలో దాదాపు నలుగురిలో ఒకరికి యాంటీబాడీలు కనిపించాయి. ఆ సర్వే నడిపిన సంస్థ ఇక్కడే అంబత్తూరు దగ్గరుంది. నెలలు గడిస్తే యాంటీబాడీలు తగ్గిపోతాయి కాబట్టి అందులో దొరకనివాళ్లూ ఉండే ఉంటారు. 2021 జనవరి 16 నుంచి మాకు టీకాలు మొదలయ్యాక లెక్క ఇంకా చిక్కుపడింది. టీకాతోనూ యాంటీబాడీలు వస్తాయి. కోవిషీల్డ్‌తో వైరస్ పైనుండే స్పైక్ ప్రోటీన్ మీదే యాంటీబాడీలు వస్తాయి కాబట్టి, అది వేసుకున్నవాళ్లకైతే వైరస్ లోపలుండే ఎన్ ప్రోటీన్ మీద యాంటీబాడీ ఉందేమో చూడాలి, అప్పుడే అసలు జబ్బు వచ్చిందో లేదో తెలుస్తుంది. కోవాక్సిన్‌లో మొత్తం వైరస్సే ఉంటుంది కాబట్టి ఆ కిటుకూ సరిగ్గా పనిచేయదు.

నువ్వు బండెక్కాక పేషెంటుకి నెబ్యులైజర్ (మందును తుంపర్లుగా పీల్పించే యంత్రం) పెట్టేటప్పుడు కిటికీ తీయించు, డ్రైవరన్నకూ నీతోపాటు ఎన్95 అడుగు. అందరికీ రెగ్యులర్‌గా టెస్టులు చేస్తారా అని చేరేముందే కనుక్కో. సిగ్గుపడకు.

అమ్మని అడిగానని చెప్పు. గూడూరు నిమ్మకాయ ఊరగాయ పంపిస్తానంది, ఇంకా రాలేదు.

నీ,
చెన్నై మామ