చేపల సంచి కొనేముందు మందం ఎంతో అడగండి

సంపాదకులు గారికి నమస్కారం.

ఈ శీర్షికకి అందరూ రోడ్డు గుంతల గురించో, వీధి దీపాల గురించో రాస్తారు. నేను ఒక సంచి గురించి రాస్తున్నాను. చేపలు చల్లగా ఉంచే సంచి. నవ్వుకుంటే నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

నరసన్నపేటలో 26 ఏళ్లుగా ఫ్రిజ్‌లు, కూల్‌డ్రింకు షాపుల డీప్ ఫ్రీజర్లు బాగుచేసుకుని బతుకుతున్నాను. మా తాత తెప్ప మీద వేటకెళ్లేవాడు. మా నాన్న సముద్రం ఒగ్గేసి లారీ ఎక్కాడు. నాకేమో యాభై దాటాక మళ్లీ నీళ్ల మీదకి మనసు లాగింది. మూడేళ్ల కిందట నేనూ మా బావమరిదీ చెరిసగం వేసుకుని ఒక కయాక్ కొన్నాం. పైన కూర్చుని తెడ్డు వేసుకునే రకం చిన్న పడవ. ఆదివారాలు కళింగపట్నంలో, వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర దింపుతాం. అక్కడి వాళ్లు దాన్ని ‘ప్లాస్టిక్ తెప్ప’ అంటారు. మా ఆవిడ ఇంకో పేరు పెట్టింది, అది పత్రికలో రాసేది కాదు.

గేలానికి చేప పడటం ఒక ఎత్తు, దాన్ని ఇంటిదాకా చేపలా తేవడం ఇంకో ఎత్తు. మొదటి ఏడాది తడిపిన గోనెలో చుట్టి తెచ్చేవాళ్లం. చలికాలం పొద్దున్నే వెళ్లి ఎనిమిదికల్లా ఒడ్డుకొచ్చేస్తే గోనె చాలు. ఎండలు ముదిరాక చాలదు. అందుకని నిరుడు ఫోన్లో చూసి 1,799 రూపాయలు పెట్టి ఒక సంచి తెప్పించాను. బయట ముదురు నీలం, లోపల వెండి రేకులా తళతళ, మూత మీద ‘24 గంటల చల్లదనం’ అని ముద్ర. ఏ కంపెనీదో రాయను. అలాంటివి పది పేర్లతో దొరుకుతున్నాయి, అన్నీ ఒకే గూటి పక్షుల్లా ఉన్నాయి.

మే నెలలో ఒక ఆదివారం మూడు కిలోల కోనాం పడింది. ఊళ్లో వంజరం అంటారు, మాకు కోనాం. ఏడింటికి పడితే రెండు కిలోల ఐసు ముక్కల మీద పెట్టి జిప్పు లాగాను. పదిన్నరకి ఒడ్డుకొచ్చాం. మా మేనత్త బందరువానిపేటలో నలభై ఏళ్లుగా చేపల తట్ట మోస్తోంది. ఆవిడకి చూపిద్దామని గొప్పగా జిప్పు తీశాను. ఐసు లేదు. గోరువెచ్చటి ఎర్రనీళ్లలో చేప తేలుతోంది. తోక వైపు ఇమడక వంచి పెట్టానేమో, అక్కడ కండ చిట్లిపోయింది. అత్త మొప్ప ఎత్తి చూసింది, పొట్ట మీద బొటనవేలు పెట్టి నొక్కింది. పడిన గుంట లేవలేదు.

‘‘ఏటల్లుడా, సేపని సంచీలో ఉడకబెట్టి తెచ్చినావేటి?’’ అంది.

పక్కనున్న నలుగురు ఆడవాళ్లు కూడా నవ్వారు. ఫ్రిజ్‌ల మెకానిక్కి అంతకన్నా అవమానం ఏముంటుంది చెప్పండి?

ఇంటికొచ్చి ఆ సంచిని బ్లేడుతో కోశాను. గుడ్డకీ వెండి రేకుకీ మధ్య ఉన్నది నాలుగు ఎం.ఎం. స్పాంజి. గిన్నెలు తోముకునే స్పాంజి లాంటిదే. పిండితే నీళ్లు కారాయి. రోజూ తెరిచి చూసే ఫ్రిజ్ గోడలో దాదాపు రెండంగుళాల ఫోమ్ ఉంటుంది. అంత ఉన్నా మోటారు తిరుగుతూనే ఉండాలి. మోటారు లేని సంచి నాలుగు ఎం.ఎం.తో 24 గంటలు ఆపుతుందట.

నేను పని నేర్చుకునే రోజుల్లో గాజు ఊలు నింపిన పాత ఫ్రిజ్‌లు రిపేరుకొచ్చేవి. గ్యాసు బాగుంది, మోటారు బాగుంది, చల్లదనం రాదు. వెనక రేకు విప్పితే ఊలు తడిసి ముద్దగా ఉండేది. చల్లదనాన్ని కాపాడేది ఊలు కాదు, ఊలు మధ్య కదలకుండా ఇరుక్కున్న గాలి. ఆ గాలి ఉండాల్సిన చోట నీళ్లు చేరితే వేడికి రాచబాట వేసినట్టే. పొడి ఫోమ్‌తో పోలిస్తే నీటిలోంచి వేడి పదిహేను రెట్లకి పైగా సులువుగా పోతుంది. ఈ సంచిలో జరిగిందీ అదే. లోపలి రేకుని మిషను మీద కుట్టారు. ప్రతి సూది బెజ్జం ఒక కన్నం. కరిగిన నీళ్లు ఆ కన్నాల్లోంచి స్పాంజిలోకి దిగాయి. మూడు ఆదివారాలకే జిప్పు పళ్లు ఉప్పునీటికి తుప్పు పట్టి, నాలుగోసారి కటింగ్ ప్లేయరుతో లాగాల్సి వచ్చింది.

ఇక వెండి రేకు సంగతి. ఎదురుగా కొంచెం ఖాళీ ఉంటే అది వేడి కిరణాల్ని తిప్పికొడుతుంది. ఐసే వచ్చి దాన్ని ఆనుకుని కూర్చుంటే ఆ మెరుపు కంటికి తప్ప ఎందుకూ పనికిరాదు. దానికన్నా సంచి బయట తెలుపు ఉండటం మేలు. పదింటి ఎండలో ఆ ముదురు నీలం గుడ్డ మీద చెయ్యి ఆనించలేకపోయాను.

చేప కొంచెం మెత్తబడితే ఏమైంది, పులుసులో వేస్తే సరి అనేవాళ్లున్నారు. వాళ్ల కోసమే ఈ ఉత్తరం. మా తోడల్లుడింట్లో నిరుడు కానాగంతలు ఎండలో బండి డిక్కీలో తెచ్చి వండుకున్నారు. తిన్న అరగంటకి ఇద్దరికి మొహం ఎర్రబడి, ఒళ్లంతా దురద, తలనొప్పి, గుండె దడ. చేపలు ఒంటికి పడలేదేమో అనుకున్నారు. డాక్టరు గారు విడమరిచి చెప్పారు. కానాగంతలు, సూరలు, కవళ్లు లాంటి చేపల కండలో ఉండే ఒక పదార్థాన్ని, చేప వేడెక్కగానే బ్యాక్టీరియా హిస్టమిన్‌గా మార్చేస్తుంది. ఆ దురద, దడ తెచ్చేది అదే. ఒకసారి తయారైతే అది ఉడికించినా పోదు, వేయించినా పోదు. వాసన కూడా పట్టివ్వకపోవచ్చు. పట్టిన దగ్గర్నుంచే చల్లగా ఉంచడం ఒక్కటే దారి. అంటే ఒడ్డుకొచ్చాక ఐసు కొంటాం అంటే కుదరదు.

ఐసు లెక్క కూడా చెబుతాను. కిలో ఐసు కరగాలంటే 80 కిలో కెలోరీల వేడి కావాలి. 30 డిగ్రీల మీదున్న ఐదు కిలోల చేపని సున్నాకి దించాలంటే 130 కిలో కెలోరీల దాకా లాగాలి. అంటే కిలోన్నర పైచిలుకు ఐసు చేపని చల్లబరచడానికే అయిపోతుంది. మిగతాదంతా సంచి గోడలోంచి వచ్చే వేడికి బలి. అందుకే మన ఎండలకి కిలో చేపకి కిలో ఐసు అని పెద్దవాళ్లు పెట్టుకున్న లెక్క ఊరికే పెట్టింది కాదు. సంచి పల్చనైతే అదీ చాలదు.

అప్పుడు నా సంచి నేనే కుట్టించుకుందామనుకున్నాను. సామాన్లు ప్యాక్ చేసే తెల్ల ఫోమ్ షీటు, 12 ఎం.ఎం.ది, రెండు పొరలు వేశాను. కొనేముందు ఒక ముక్క కోసి, రాయి కట్టి గ్లాసు నీళ్లలో రాత్రంతా ముంచాను. పొద్దున్న తుడిచి పిండితే చుక్క రాలేదు. దాని బుడగలు దేనికది మూసుకుని ఉంటాయి, నీరు తాగవు. ఈ గ్లాసు పరీక్ష ఎవరైనా చేసుకోవచ్చు. షాపువాడు ముక్క ఇవ్వకపోతే సంచి అంచు దగ్గర వేళ్లతో నొక్కి చూడండి. రెండు వేళ్లూ ఒకదానికొకటి తగులుతున్నట్టుంటే అక్కడే పెట్టేసి వచ్చేయండి.

బయటికి తెల్ల టార్పాలిన్. మా వీధిలో ఆటో సీట్లు కుట్టే ఆయన కుట్టిపెట్టాడు. కుట్లన్నీ బయటి గుడ్డకే, లోపలికి సూది దిగదు. లోపల ఆహారానికి వాడే మందపాటి పాలిథిన్ సంచి విడిగా వేశాను, తీసి కడుక్కోవచ్చు. ఫ్లెక్సీ ముక్కలు చవగ్గా వస్తాయని లోపల అవి వేయకండి, అవి తిండి తగిలే వస్తువులు కావు. జిప్పు ప్లాస్టిక్ పళ్లది, లావుపాటిది. వారానికోసారి కొవ్వొత్తి రుద్దుతాను. మొత్తం 1,150 అయింది, ఆటో సీట్ల ఆయన టీ డబ్బులతో కలిపి.

కొలత దగ్గర చాలామంది పొరబడతారు. పెద్ద సంచి తీసుకుంటే పెద్ద చేప పడుతుందని ఆశ. సంచి ఎంత పెద్దదైతే వేడి దిగే గోడ అంత ఎక్కువ, లోపల ఖాళీ కూడా ఎక్కువ, ఐసు అంత తొందరగా హరిస్తుంది. పొడవు మాత్రం తగ్గకూడదు. చేప కట్టెలా బిగుసుకున్నాక వంచితే నా కోనాం తోకకి పట్టిన గతే. నాది లోపల 36 అంగుళాల పొడవు, 16 వెడల్పు. సీటు వెనక సరిగ్గా కూర్చుంటుంది. కింద పాత చాప ముక్క మడిచి వేస్తాను, ఎండకి కాలిన ప్లాస్టిక్ తగలకుండా.

రెండు సంచుల్లోనూ మూడేసి కిలోల ఐసు పోసి మేడ మీద నీడలో పెట్టి చూశాను. కోసిన సంచికి టేపు వేసి మరీ పెట్టాను, అన్యాయం చేయకూడదని. మూడు గంటలయ్యాక కొన్నదాంట్లో అరకిలో కూడా లేదు. కుట్టించినదాంట్లో కిలోన్నర పైనే ఉంది.

వాడకంలో ఒకటి రెండు సంగతులు. ముందురాత్రి లీటరు సీసాల్లో నీళ్లు గడ్డ కట్టిస్తాను. నిండా పోయకండి, గడ్డ కట్టినప్పుడు నీరు దాదాపు పదోవంతు ఉబ్బి సీసా పగులుతుంది. బయల్దేరే ముందు గంటసేపు ఆ సీసాలతో సంచిని చల్లబరుస్తాను. ఫ్యాక్టరీ ఐసుని గోనెలో వేసి రోకలితో నలగ్గొట్టి తీసుకెళతాను. చేప పడగానే మొప్ప దగ్గర కోసి రక్తం వదిలేసి, రెండు పాళ్ల ఐసుకి ఒక పాలు సముద్రపు నీళ్లు కలిపి అందులో పడుకోబెడతాను. వట్టి ఐసు ముక్క చేపని అక్కడక్కడే తాకుతుంది. ఈ జావ చుట్టూ అంటుకుని గబగబా చల్లబరుస్తుంది. కాకపోతే నీళ్లున్న సంచి కయాక్ మీద అటూ ఇటూ పొర్లుతుంది. మొగ దగ్గర ఇసుక మేట మీద కెరటం విరిగే చోటికి రాకముందే ఆ నీళ్లు వదిలేయాలి. ఒకసారి వదల్లేదు, బోల్తా కొట్టాం. సంచికి రెండు వైపులా కొక్కేలు ఉండబట్టి చేపలు దక్కాయి. మా బావమరిది కళ్లజోడు దక్కలేదు.

అధికారులకి కూడా ఒక మాట. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన 2020లో మొదలైంది. దాని కింద ఐసు పెట్టె బిగించిన బళ్లు ఇస్తున్నారు, మంచిదే. అవి చేప ఒడ్డుకొచ్చాక పనికొచ్చేవి. తెప్ప మీద గట్టి పెట్టె నిలవదు, కెరటానికి కాళ్లు విరగ్గొడుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరపడవలు వేటకి వెళ్లని 61 రోజులూ తెప్పల వాళ్ల చేపకే గిరాకీ. మండే ఎండలూ అప్పుడే. మెత్తటి సంచి, అంగుళం మందం ఫోమ్‌తో, తెప్పకో రెండు ఇప్పిస్తే ఆ చేప ధర పలకడం మా అత్త లాంటివాళ్లు చూసుకుంటారు. సంచులు అమ్మేవాళ్లు కూడా గంటలు ముద్రించడం మాని ఎం.ఎం. ముద్రించాలి. ఏ ఎండలో, ఎంత ఐసుతో అని చెప్పని గంటలు ఎవరికి కావాలి?

పోయిన నెల కొత్త సంచిలో రెండు పార చేపలు, ఒక కోనాం తెచ్చాను. అత్త మొప్పలు ఎత్తి చూసి, చేపల్ని వదిలేసి సంచిని తిప్పి తిప్పి చూసింది. ‘‘ఇది నాకొగ్గెయ్, నువ్వు ఇంకోటి కుట్టించుకో’’ అంది. ఇచ్చేశాను. ఇప్పుడు రెండోది కుట్టిస్తున్నాను.

దీంట్లో కుదరనిది ఒక్కటే. లోపలి పాలిథిన్ సంచికి నీళ్లు వదిలే మూత ఎలా బిగించినా వాషరు పక్కనుంచి కారుతోంది. వాషింగ్ మెషిన్ గొట్టం మూత పెట్టి చూశాను, సైకిల్ ట్యూబు ముక్క పెట్టి చూశాను, లాభం లేదు. తిండి సరుకుకి పనికొచ్చే చిన్న మూతలు శ్రీకాకుళంలో గానీ విజయనగరంలో గానీ ఏ షాపులో దొరుకుతాయో తెలిసినవాళ్లు ఈ శీర్షికకే రాయండి.

ఇట్లు,
ఒక ఫ్రిజ్ మెకానిక్,
నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా
(పేరు, చిరునామా మీకు విడిగా రాశాను, అచ్చు వేయొద్దు. మా ఆవిడకి రెండో సంచి సంగతి ఇంకా తెలీదు.)