సుల్తాన్ బజార్ చరిత్ర తెలిపే ఫలకాలు కావాలి

సంపాదకులకు నమస్కారం.

హైదరాబాద్‌లోని సుల్తాన్ బజార్ అనగానే చీరలు, గాజులు, మ్యాచింగ్ జాకెట్టు గుడ్డలు గుర్తుకు రావడం సహజమే కానీ, 1933లో నిజాముకు తిరిగి అప్పగించేదాకా ఇది బ్రిటిష్ రెసిడెంటు (నిజాం దగ్గర ఉండే బ్రిటిష్ ప్రతినిధి) అధికారం కింద రెసిడెన్సీ బజారుగా నడిచిందని అక్కడ బేరమాడేవారిలో చాలామందికి తెలియదు. నిజాం ప్రభుత్వ అధికారం ఇక్కడ చెల్లకపోవడం సాహుకార్లకు కలిసొచ్చింది. వారు రెసిడెంటు ఉండే భవనమైన రెసిడెన్సీని ఆనుకుని ఇళ్లు, దుకాణాలు కట్టుకున్నారు. బ్రిటిష్ వారిపై సిపాయిల తిరుగుబాటు సాగిన 1857లో, జూలై 17న తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ నాయకత్వంలో రెసిడెన్సీపై దాడికి దిగినవారు ఎదురుగా ఉన్న సాహుకార్ల మేడలనే ఆక్రమించి, తెల్లవార్లూ కాల్పులు జరిపారు. పాఠ్యపుస్తకాల్లో ఈ ఘటనకు రెండు వాక్యాలు దక్కితే గొప్ప!

1901లో స్థాపించిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం సొంత భవనం కట్టుకున్నదీ ఈ బజారులోనే. ఉర్దూ రాజభాషగా ఉన్న రోజుల్లో తెలుగు చదువరులకు అది పెద్ద ఆసరా.

నేడు మెట్రో వంతెన కింద, చీర కొంగును వెలుతురుకు పట్టి రంగు సరిచూసుకునే మహిళల మధ్య, తోపుడుబళ్లను తప్పించుకుంటూ నడిచేవారికి ఈ సంగతులు చెప్పే ఫలకమేదీ నాకు కనిపించలేదు. మెట్రో స్టేషన్ మెట్ల దగ్గర, గ్రంథాలయం మలుపులో తెలుగు, ఉర్దూ భాషల్లో ఫలకాలు పెట్టించాలని, వాటిపై ఫ్లెక్సీలు కట్టకుండా చూడాలని అధికారులను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, కాచిగూడ, హైదరాబాద్