పాడైంది సెట్టు కాదు, తీగ

సంపాదకుల వారికి,

అయ్యా,

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరంలో వేట ఆగే 61 రోజుల్లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లకు చెక్క పని, రంగులు, ఇంజిను మరమ్మతు అన్నీ జరుగుతాయి. ఆ రెండు నెలల్లోనూ ఎవరూ ముట్టుకోనిది బ్యాటరీ నుంచి సరంగు (బోటు నడిపేవాడు) కేబిన్ దాకా వెళ్లే కరెంటు తీగ. ఇరవై ఏళ్లకు పైగా ఇక్కడ మరబోట్లకు వైరింగు పని చేస్తున్నవాడిగా ఈ విషయాన్ని బోటు యజమానుల దృష్టికి, మత్స్యశాఖ అధికారుల దృష్టికి తేవాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

కిందటి సీజనులో ఒక సరంగు వీహెచ్‌ఎఫ్ సెట్టును, అంటే సముద్రంలో వేరే బోట్లతో మాట్లాడుకునే రేడియోను, సంచిలో వేసుకుని నా దగ్గరకు వచ్చాడు. రెండేళ్లలో ఆ బోటుకు అది రెండో సెట్టు. మొదటిది అమ్మిన దుకాణంవారు వారంటీ వర్తించదని తిప్పి పంపేశారట. ‘‘అవతలోళ్ల మాట బాగానే ఇనిపిస్తంది గానీ, మనం మాటాడదామని బటన్ నొక్కితే ఆరిపోతంది బాబూ’’ అన్నాడు. నా బల్ల మీద వేరే బ్యాటరీకి తగిలిస్తే సెట్టులో ఏ లోపమూ కనిపించలేదు. బోటెక్కి మీటరు పెడితే సెట్టుకు వచ్చే తీగ కొన దగ్గర 12.4 వోల్టులు చూపింది. చాలామంది మెకానిక్కులు ఇక్కడే కరెంటు బాగుందని తేల్చి దిగిపోతారు. నేను సెట్టును తిరిగి బిగించి, బటన్ నొక్కి పట్టుకోమని చెప్పి మళ్లీ చూశాను. అంకె 10కి జారింది, ఆ క్షణంలోనే బ్యాటరీ కొనల మీద 12.3 ఉంది. రెండు వోల్టులకు పైగా దారిలోనే పోతున్నాయన్నమాట. కేబిన్ ప్లైవుడ్ విప్పితే చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకు ఒకటి కనిపించింది. టేపు తీయగానే పచ్చటి చిలుము పొడిగా రాలింది. అక్కడి నుంచి జానెడు తీగ కోసినా లోపల రాగి నల్లగానే ఉంది. ఉప్పునీటి తేమ తొడుగు లోపల అంత దూరం పాకిపోతుంది.

25 వాట్ల సెట్టు వింటున్నంతసేపు అర ఆంపియరు లాగితే ఎక్కువ, మాట్లాడేటప్పుడు మాత్రం 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. అందుకే లోపం మాట్లాడేటప్పుడే, అంటే అసలు అవసరమైనప్పుడే బయటపడుతుంది. కొత్త తీగ వేసినా ఇంటి దీపాలకు వాడే ఒకటిన్నర చదరపు ఎంఎం తీగ వేస్తే, బ్యాటరీకి కేబిన్‌కు పది మీటర్ల దూరం ఉన్న బోటులో పోను రాను ఇరవై మీటర్ల మీద 1.2 వోల్టులు కరిగిపోతాయి. ఇంట్లో 230 వోల్టుల్లో ఆ నష్టం ఎవరికీ తెలియదు గానీ, 12 వోల్టుల్లో అది పదో వంతు. ఆరు చదరపు ఎంఎం తీగ వేస్తే నష్టం 0.3 దగ్గర ఆగుతుంది. తగరపు పూత ఉన్న రాగి తీగ దొరికితే చిలుము బెడదా తగ్గుతుంది. ఆ బోటుకు నేను మార్చిన తీగ ఖరీదు సెట్టు ధరలో పదో వంతు కూడా కాలేదు.

ఇంజిను స్టార్టు చేసిన ప్రతిసారీ జీపీఎస్, ఎకో సౌండరు (నీటి లోతు చూపే పరికరం) ఆరి వెలుగుతున్నాయంటే స్టార్టరు లాగే వందల ఆంపియర్ల దెబ్బకు వోల్టేజి పడిపోతోందని అర్థం. సెట్లకు విడిగా ఒక బ్యాటరీ పెట్టుకోవడమే దానికి మందు. 24 వోల్టుల ఇంజిన్లున్న బోట్లలో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాగే అలవాటు మరీ చెడ్డది. ఆ ఒక్క బ్యాటరీ ఎప్పుడూ సగం చార్జింగుతోనే ఉంటుంది, రెండోది అతిగా చార్జయి నీళ్లు మరిగి చస్తుంది, యజమాని బ్యాటరీ కంపెనీని తిడతాడు. 24 నుంచి 12కు మార్చే కన్వర్టరు వేస్తే ఈ గొడవ ఉండదు. రేడియోలో గరగర వస్తుంటే ముందు ఎల్‌ఈడీ దీపాలు ఆర్పి చూడాలి. చవకరకం దీపాల్లో కరెంటును మార్చి ఇచ్చే డ్రైవర్ సర్క్యూట్లే చాలాసార్లు దోషులు. ఆల్టర్నేటరు చార్జి చేస్తోందో లేదో తెలుసుకోవడానికి ఇంజిను నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి చూసే మొరటు పరీక్ష ఒకటి మన మెకానిక్కులకు అలవాటు. ఆ ఒక్క క్షణంలో ఎగిసే వోల్టేజికి బోటులో ఉన్న సెట్లన్నీ ఒకేసారి కాలిపోవచ్చు. ఫ్యూజు పోయిన చోట రాగి పోగు చుట్టేవారి గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం కావాలి.

బోట్ల మీద ఎలక్ట్రానిక్ పరికరాలు ఇంకా పెరగబోతున్నాయి. 2024 ఆగస్టు 30న పాల్ఘర్‌లో ప్రధాని ప్రారంభించిన పథకం కింద 13 తీర రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు (బోటు ఎక్కడుందో ఉపగ్రహం ద్వారా తెలిపే పరికరాలు) అమర్చుతున్నారు. ఆపద వస్తే తీరరక్షక దళం నంబరు 1554 ఉన్నా, సెల్‌ఫోను సిగ్నలు దాటి పోయిన బోటుకు దిక్కు రేడియో, ఇలాంటి పరికరాలే.

నిషేధ భృతి కోసం బోట్లను లెక్కించడానికి మత్స్యశాఖ సిబ్బంది ఎలాగూ జెట్టీకి వస్తారు. ఆ తనిఖీ పత్రంలో ఒక గడి కలిపి, రేడియో బటన్ నొక్కి ఉంచినప్పుడు సెట్టు దగ్గర ఎన్ని వోల్టులు ఉన్నాయో రాయించాలని మనవి. ఆ పని బోటుకు అయిదు నిమిషాలది. విశాఖలోని సిఫ్‌నెట్ (కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ), కాకినాడలోని రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ కలిసి ఈ 61 రోజుల్లోనే హార్బర్ కుర్రాళ్లకు మీటరు పట్టడం, అతుకు సరిగా వేయడం నేర్పే వారం రోజుల శిక్షణ పెడితే, నేర్పడానికి నా వంతు నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక బోటు ఎలక్ట్రీషియన్,
విశాఖపట్నం ఫిషింగ్ హార్బర్