ఫార్మలిన్‌లో వేశాక వైరస్‌ను వెతకమంటే ఎలా?

తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రిగారికి,

నమస్కారం. నేను నల్లగొండలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. దేవరకొండ వైపు నుంచి డయాలసిస్‌కు వచ్చే ఒకాయనకు లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైములు ఎంతకీ తగ్గలేదు. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి వైరస్ కోసం చేసిన యాంటీబాడీ పరీక్షేమో (వైరస్‌ను కాదు, దాని మీద ఒంట్లో తయారయ్యే రక్షక ప్రోటీన్లను వెతికేది) నెగెటివ్. చివరికి బయాప్సీ చేశారు, అంటే సూదితో కాలేయంలోంచి చిన్న ముక్క తీశారు. తీసిన ముక్కనంతా ఎప్పటిలాగే, కుళ్లిపోకుండా ఉంచే ఫార్మలిన్ సీసాలో వేశారు. తర్వాత అందులో వైరస్ ఉందేమో చూడమని డాక్టర్ అడిగితే, నమూనా పనికిరాదని రిపోర్టు వచ్చింది. "మల్ల సూది గుచ్చుతరా సారూ?" అని ఆయన భార్య అడిగింది. కిడ్నీలు చెడినవాళ్లకు రక్తం ఆగకపోయే ముప్పు ఎక్కువ. ఆమె భయం ఉత్తది కాదు.

హెపటైటిస్ సి ఆర్‌ఎన్‌ఏ వైరస్, అంటే దాని జన్యు పదార్థం ఆర్‌ఎన్‌ఏ. కణాల అమరిక చూడటానికి ఫార్మలిన్ బాగా పనికొస్తుంది గానీ, ఆర్‌ఎన్‌ఏను మాత్రం ముక్కలు ముక్కలు చేస్తుంది. అలాంటి నమూనాలోనూ వెతకొచ్చు, కానీ దొరక్కపోతే లేదని నమ్మలేం. అసలు కాలేయంలో ఈ వైరస్ చాలా కొద్దిగా ఉంటుంది. రంగు వేసి మైక్రోస్కోప్‌లో చూసే పద్ధతులకు తేలిగ్గా చిక్కదు. అందుకే కొద్దిపాటి ఆర్‌ఎన్‌ఏను కూడా ఎన్నో రెట్లు పెంచి పట్టుకునే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష కావాలి. ఆ ముక్కలోంచి బియ్యపు గింజంత, తీసిన వెంటనే ఆర్‌ఎన్‌ఏను కాపాడే ద్రావణంలో వేసినా, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్‌లో పెట్టినా సరిపోయేది. ఖర్చు ఒక చిన్న ట్యూబు, దాని మీద ఒక లేబుల్.

అందరికీ బయాప్సీ చేయమని నా ఉద్దేశం కాదు. చాలామందికి రక్త పరీక్షే చాలు. కాకపోతే ఏ రక్త పరీక్ష అన్నదే అసలు సంగతి. యాంటీబాడీ పాజిటివ్ వచ్చినవాళ్లలో కొందరికి వైరస్ తనంతట తానే పోయి ఉంటుంది. డయాలసిస్ వాళ్లలోనేమో వైరస్ ఉన్నా యాంటీబాడీ కనిపించకపోవచ్చు. రెండు చోట్లా తేల్చేది రక్తంలో వైరస్‌నే వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే. టీబీకి వాడే సీబీనాట్, ట్రూనాట్ మిషన్ల మీదే హెపటైటిస్ సి కార్ట్రిడ్జ్, చిప్ వేసి చూడొచ్చు. కొత్త బిల్డింగులు, శిలాఫలకాలు అక్కర్లేదు (మీ వాళ్లకు కాస్త నిరాశే అనుకోండి).

2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సికి చాలామందికి 12 వారాల మాత్రలు చాలు, నూటికి 95 మందికి నయమవుతుంది. ఇంత మంచి మందు చేతిలో ఉండగా మా దగ్గర జనం కామెర్లంటే ఇంకా పసరు కోసం పోతున్నారు, ఎవరికి వైరస్ ఉందో మేం చెప్పలేకపోతున్నాం.

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లోని డయాలసిస్ కేంద్రాలన్నిటిలో ఎంజైములు పెరిగినవాళ్లకు యాంటీబాడీతో ఆపకుండా ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించండి. కాలేయ బయాప్సీ చేసే ప్రతి ప్రభుత్వ ఆసుపత్రిలో, వైరస్ అనుమానం ఉంటే రెండో ట్యూబు తప్పనిసరి అని ఒక సర్క్యులర్ ఇప్పించండి. దాంట్లో నమూనాను ఎంత చల్లగా, ఎంత సేపట్లో హైదరాబాద్ చేర్చాలో కూడా రాయించండి. లేకపోతే ఆ ట్యూబు ఆర్టీసీ పార్సిల్‌లో ఎండకు ఉడికిపోతుంది.

ఇట్లు,
నల్లగొండ నుంచి ఒక ల్యాబ్ టెక్నీషియన్