చివరిదాకా ఎవరూ వినని ఫిర్యాదు

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: తేలికపాటి గాలపు కర్రపై ఇచ్చిన ఫిర్యాదుకు ఐదు వారాలుగా సమాధానం రాకపోవడం.

అయ్యా,

గోదావరి తూర్పు డెల్టా కాలువ గట్టున ముప్పై ఏళ్లుగా గాలం వేస్తున్నాను. గత ఆరేళ్లుగా కర్రలు, దారం, నీటిపై తేలే బెండ్లు అన్నీ మీ ఆన్‌లైన్ దుకాణంలోనే కొంటున్నాను. పరిగె చేపలకూ చిన్న తిలాపియాలకూ పనికివస్తుందని మీరు ప్రకటించిన కర్రను జనవరిలో తెప్పించుకున్నాను. దాని కొస బిరుసుగా ఉండడం వల్ల చిన్న చేప ఎర ముట్టినా చేతికి తెలియడం లేదు.

మొదట ఫోన్ ఎత్తిన యువకుడు కర్ర విరిగిందా అని అడిగి, విరగలేదనగానే ఫిర్యాదు పరిష్కారమైనట్లు నమోదు చేశాడు. రెండోసారి ఇరవై నిమిషాలు ఆగాక మాట్లాడిన అమ్మాయి కొసకు గంట కట్టుకోమంది. పరిగె ఎరను లాక్కుపోదని, చప్పరించి ఉమ్మేస్తుందని, అది ఎరతో పాటు గాలం దగ్గరి సీసపు గుండును ఎత్తినప్పుడు బెండు మునగడానికి బదులు అరంగుళం పైకి లేస్తుందని, అంత సన్నటి కదలికకు గంట మోగదని నేను వివరిస్తుండగానే లైను తెగిపోయింది. మూడోసారి వీడియో అడిగారు. ఒకే సీసపు గుండును మా పాత వెదురు కర్రకూ మీ కర్రకూ వేలాడదీసి, వెదురు కొస వంగడం, మీది కదలకపోవడం స్పష్టంగా తీసి పంపితే, వారం తర్వాత వీడియోలో చేప కనిపించడం లేదని తిరస్కరించారు. నాలుగోసారి పై అధికారి ఆదివారం ఫోన్ చేస్తారని చెప్పారు. ఆ రోజంతా కాలువకు వెళ్లకుండా ఫోన్ పక్కనే కూర్చున్నాను, ఎవరూ చేయలేదు. ఐదోసారి మళ్లీ మొదటి నుంచి చెప్పమన్నారు.

కర్రకు పెట్టిన డబ్బు కంటే ఈ నిర్లక్ష్యమే నన్ను ఎక్కువగా బాధిస్తున్నది. మా ఊరి కుర్రాళ్లచేత మీ సరుకే కొనిపించినవాణ్ని, ఇప్పుడు వాళ్లు అడిగితే ఏమని చెప్పాలి?

2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలియజేసి, నెలలోపు పరిష్కరించాలి. మీరు ఆ రెండూ చేయలేదు. పదిహేను రోజుల్లో న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915కు, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే జిల్లాలోనే కేసు వేయవచ్చు. కర్ర మార్చి ఇస్తారో, డబ్బు తిరిగి ఇస్తారో మీరే తేల్చండి. అయితే ఈసారి ఫోన్ చేసేవారు ఒక్క ఉదయమైనా గట్టున కూర్చుని బెండును చూసినవారై ఉండాలి.

ఇట్లు,
మీ పాత కొనుగోలుదారు