కుళాయి నీళ్లలో సీసం, రాగి: నీటి ఉపసంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఇంతకుముందు ఏటా సంపులోంచి ఒక బాటిల్ నీళ్లు పట్టి పరీక్షకు పంపేవాళ్లం. అందులో సీసం లేదని తేలితే అపార్ట్‌మెంటు మొత్తానికీ బెంగ లేదనుకునేవాళ్లం. అది పొరపాటు. సీసం సాధారణంగా నదిలోనో బోరులోనో ఉండదు, ఇంటికి వచ్చే దారిలో నీళ్లలో చేరుతుంది. పాత యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) పైపుల తయారీలో సీసం లవణాలు వాడేవారు. వాటిని కట్టడి చేస్తూ కేంద్రం 2021లో నిబంధనలు తెచ్చింది. మన గోడల్లోని పైపులు అంతకుముందువి. ఇత్తడి కుళాయిలు, వాల్వుల విషయానికొస్తే, లేతు మీద సులువుగా తెగడానికి ఆ లోహంలోనే సీసం కలుపుతారు. బయట మెరిసే క్రోమియం పూత లోపలివైపు నీళ్లను కాపాడదు. అందుకే ఈ ఏడాది సంపును వదిలి వంటింటి కుళాయిల దగ్గరే నీళ్లు పట్టాం.

తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500:2012 ప్రకారం సీసం లీటరుకు 0.01 మిల్లీగ్రాము మించకూడదు, ఇందులో సడలింపు లేదు. రాగికి 0.05 మిల్లీగ్రాము, వేరే నీటి వసతి లేకపోతే 1.5 వరకు. చాలామంది ఇంట్లో టీడీఎస్ మీటరు (నీళ్లలో కరిగిన లవణాల మొత్తాన్ని చూపేది) పెట్టి చూశామని చెప్పారు. ఆ మీటరు మీద కనిపించే కనిష్ఠ అంకె 1, అంటే లీటరుకు 1 మిల్లీగ్రాము. సీసం హద్దు దానిలో నూరో వంతు. మీటరు ఎంత తక్కువ చూపినా సీసం గురించి ఏమీ చెప్పదు. రంగు, రుచి, వాసన కూడా చెప్పవు.

నీళ్లు పట్టిన తీరు ఇది. రాత్రి పడుకునే ముందు వంటింటి కుళాయి కట్టేసి, కనీసం 6 గంటలు ఇంట్లో ఏ కుళాయీ తిప్పకూడదు. బాత్రూము ఫ్లష్ కూడా వాడకూడదు. పొద్దున్నే తిప్పీ తిప్పగానే వచ్చే మొదటి 250 మిల్లీలీటర్లు ఒక బాటిల్లో, వెంటనే ఆగకుండా తర్వాతి లీటరు రెండో బాటిల్లో, 3 నిమిషాలు వదిలాక మూడో బాటిల్లో పట్టాలి. లోపలి వ్యాసం 15 మిల్లీమీటర్లున్న పైపులో మీటరుకు దాదాపు 177 మిల్లీలీటర్లు పడతాయి. అంటే మొదటి బాటిల్‌లోవి కుళాయిలోనూ దాని వెనక మీటరున్నర లోపూ నిలిచిన నీళ్లు, రెండోది గోడలోని తర్వాతి ఐదారు మీటర్లది, మూడోది ట్యాంకు వైపు నుంచి వచ్చినవి. మూడూ చూస్తేనే దోషం ఎక్కడుందో తెలుస్తుంది. మొదటిదాంట్లో ఎక్కువై రెండోదాంట్లో తగ్గితే కుళాయి మారిస్తే చాలు. రెండోదాంట్లోనే ఎక్కువైతే గోడలోని పైపును అనుమానించాలి. మూడోదాంట్లోనూ ఉంటే అది ఒక్క ఇంటి సమస్య కాకపోవచ్చు. ట్యాంకు నుంచి కిందికి దిగే పైపుల్ని చూడాలి, ఆ ఖర్చు సంఘానిది.

తిరిగి పట్టాల్సి వచ్చిన నమూనాల గురించి కొంచెం వివరంగా రాస్తున్నాం, వచ్చే ఏడు మళ్లీ జరగకూడదని. కొందరు శుభ్రంగా ఉండాలని ముందుగా కుళాయి వదిలేశారు, కొందరు కుళాయి మూతి దగ్గరి జల్లెడ విప్పి కడిగారు, కొందరు సన్నటి ధారతో పట్టారు. మూడూ సీసాన్ని తక్కువగా చూపిస్తాయి. జల్లెడలో చిక్కుకున్న తుప్పు, లోహపు నలుసుల్లోనూ సీసం ఉంటుంది, ఇంట్లోవాళ్లు తాగే నీళ్లు వాటి మీదుగానే వస్తాయి. అమెరికాలో ఫ్లింట్ నగరం కుళాయి నీళ్లలో సీసం కలిసిన ఉదంతం తర్వాత 2016లో అక్కడి పర్యావరణ సంస్థ కూడా ముందు రాత్రి నీళ్లు వదలొద్దని, జల్లెడ తీయొద్దని, వెడల్పు మూతి బాటిల్లో ధార నిండుగా పట్టమని సూచించింది. రాత్రి ఓవర్‌హెడ్ ట్యాంకు ఖాళీ అయిన బ్లాకుల్లో పైపులు ఎండిపోయి, పొద్దున మోటారు వేశాక కొత్త నీళ్లు వచ్చాయి. అవి నిలిచిన నీళ్లు కావు కాబట్టి ఆ నమూనాలూ పనికిరాలేదు. మంజీరా నీళ్లకూ బోరుకూ వేరువేరు కుళాయిలున్న ఇళ్లలో తాగే కుళాయిదే పట్టాలి. రాగి బిందెలో నిలవ ఉంచినవి, ఆర్‌వో నుంచి పట్టినవి ఇవ్వొద్దు.

ల్యాబు విషయంలో ఒక జాగ్రత్త అందరూ గుర్తుంచుకోవాలి. రిపోర్టులో ‘బీడీఎల్’ (కొలవగల హద్దుకన్నా తక్కువ) అని ఉంటే సంతోషపడే ముందు, ఆ పద్ధతి నమ్మకంగా కొలవగల కనిష్ఠ అంకె ఎంతో అడగాలి. అది 0.05 అయితే, హద్దుకు నాలుగింతలున్న సీసం కూడా ‘బీడీఎల్’గానే వస్తుంది. ఎన్ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ల్యాబే అయినా, తాగునీటిలో సీసం పరీక్ష ఆ గుర్తింపు పరిధిలో ఉందో లేదో చూసుకోవాలి. పద్ధతి ఐసీపీ–ఎంఎస్ గానీ గ్రాఫైట్ ఫర్నేసు గానీ (రెండూ అతి తక్కువ లోహాన్ని కొలిచే యంత్రాలవి) అయి, 0.002 లేదా అంతకన్నా తక్కువ కొలవగలగాలి. నమూనాను వడకట్టకూడదు, వడకడితే నలుసుల్లోని సీసం పోతుంది. సీసం బాటిల్ గోడలకు అంటుకోకుండా నైట్రిక్ ఆమ్లం కలిపి పీహెచ్ 2 కంటే తగ్గించాలి. ఆ పని ల్యాబులోనే జరగాలి. ఆమ్లం పోసిన బాటిళ్లు ఇళ్లకు ఇవ్వడం ప్రమాదం. ప్రతి విడతలో ఒక బాటిల్లో స్వచ్ఛమైన డీఅయనైజ్డ్ (లవణాలు, లోహాలు తీసేసిన) నీళ్లు కూడా పంపాం. అందులో సీసం కనిపిస్తే తప్పు బాటిల్‌దో ల్యాబుదో అన్నమాట.

ఇంటివారీ ఫలితాలు ఎవరివి వారికే కవర్లో అందజేశాం, ఇక్కడ ప్రకటించడం లేదు. బ్లాకుకు సగటు కూడా వేయలేదు. పక్కింటి మంచి నీళ్లు ఈ ఇంటి సీసాన్ని తగ్గించవు. ఒక బాటిల్లో మాత్రమే అంకె ఒక్కసారిగా పెరిగితే అది ఊడిపడ్డ నలుసు కావచ్చు. అయినా కొట్టిపారేయకుండా మళ్లీ పట్టాలి, ఎందుకంటే ఆ నలుసు గ్లాసులోకీ రావచ్చు. చంటిపిల్లలూ గర్భిణులూ ఉన్న ఇళ్లకు పరీక్షలో మొదటి వరుస ఇచ్చాం. పిల్లల మెదడుకు హాని చేయని సీసం మోతాదు అంటూ ఏదీ తేలలేదు.

రాగి తనను తాను బయటపెట్టుకుంటుంది: సింకు మీద ఆకుపచ్చ, నీలం మరకలు, నోట్లో లోహపు రుచి, మోతాదు పెరిగితే వికారం. గీజరు నీళ్లు వంటకు వాడొద్దు, వేడి నీళ్లలో రెండు లోహాలూ ఎక్కువ కరుగుతాయి. రాగి చెంబులో నిమ్మరసం, మజ్జిగ పోయొద్దు.

కాచితే సీసం పోదు, నీళ్లు ఆవిరై మరింత చిక్కబడుతుంది. కుళాయి మార్చేదాకా పొద్దున్నే మొదటి 5 లీటర్లు వేరే బకెట్లో పట్టి గచ్చు కడగడానికి వాడండి. జల్లెడ మూడు నెలలకోసారి విప్పి కడగండి, పరీక్ష ముందు వారం మాత్రం ముట్టుకోవద్దు.

ఖర్చుల పద్దు కోశాధికారి నివేదికలో ఉంది. కుళాయి మార్చిన ఇళ్లలో నెల తర్వాత మళ్లీ మూడు బాటిళ్లు పడతాం. కొత్త ఇత్తడి మొదటి వారాల్లో సీసం ఎక్కువ వదలొచ్చు, అందుకే ఆ గడువు. బాటిళ్లు, చీటీలు సంఘం ఆఫీసులో ఉన్నాయి. చీటీ మీద రాత్రి కుళాయి కట్టిన సమయం, పొద్దున తిప్పిన సమయం రెండూ తప్పక రాయండి.