మన సంఘం వార్షిక నివేదిక: 2025–26, విజయనగరం

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన పనంతా తెలుగు టైపింగ్, లిబ్రేఆఫీస్ రైటర్ (పత్రాలు రాసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్) మార్గదర్శికల మీదే సాగింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోవడంతో చాలామంది 11కి మారారు. అందులో స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకు జరిగింది, సెట్టింగ్స్ రూపం మారింది. దాంతో పాత బొమ్మలన్నీ తీసి కొత్తవి పెట్టాం. రాత్రుళ్లు కూర్చుని స్క్రీన్‌షాట్లు తీసిన డిగ్రీ విద్యార్థులకు, ప్రూఫులు దిద్దిన రిటైర్డ్ తెలుగు మాస్టారికి, ప్రింటింగ్‌లో లాభం చూసుకోని డీటీపీ సెంటర్ యజమానికి, పూటపూటా టీ పంపిన సభ్యుల ఇళ్లవారికి పేరుపేరునా కృతజ్ఞతలు.

గర్వంగా చెప్పుకోవాల్సింది మార్గదర్శిక వాడేవాళ్లకు అర్థమవుతుందో లేదో చూసిన డిసెంబరు పరీక్ష గురించి. పొదుపు సంఘాల లెక్కలు రాసే అక్కలను, డీటీపీ కుర్రాళ్లను పిలిచి, మార్గదర్శిక చేతికిచ్చి, మేం వెనక నోరు మెదపకుండా కూర్చున్నాం. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో (భారతీయ భాషలకు ప్రామాణికమైన కీల అమరిక) ‘క్ష’ దగ్గర అందరూ ఆగిపోయారు. పేజీ నిండా ఉన్న కీబోర్డు బొమ్మ ఎవరికీ అక్కరకు రాలేదు. కె నొక్కాలి, తర్వాత పొల్లు కోసం డి, ఆపైన షిఫ్ట్ పట్టుకుని కామా అని అక్కడికక్కడే వరుసగా రాసిచ్చాం. ఓ అక్క అప్పు పత్రంలో ‘లక్ష’ తానే కొట్టి, పక్కావిడకు నేర్పింది. ‘ప్రింట్ నొక్కండి, అంతకుముందు కాగితం సైజు ఏ4 చేసుకోండి’ అన్న చోట ముగ్గురు సగం చదివి ప్రింట్ నొక్కేశారు. కళ్లు కాగితం మీద, చెయ్యి మౌస్ మీద ఉంటాయి కదా! ముందు చేయాల్సింది ముందే రాయాలని ఆ పూటే తీర్మానించాం. నా ఉద్దేశంలో నెల రోజుల ప్రూఫు పని కంటే ఆ ఒక్క పూట విలువైనది.

జమాఖర్చుల పట్టిక జతపరిచాం. ఖర్చులో ఎక్కువ భాగం ప్రింటింగ్‌కే.

ఒక మాట బాధతోనే రాస్తున్నాను. పరీక్షకు పేర్లిచ్చిన సభ్యుల్లో సగం మంది రాలేదు. సిరిమానోత్సవం వారంలో రాకపోతే అమ్మవారి పండగ అనుకుంటాం, డిసెంబరులో ఏమొచ్చింది? కంప్యూటర్ల గది కోసం ఒక కార్యాలయానికి అర్జీ పెట్టి ఎన్నిసార్లు తిరిగినా ‘సార్ మీటింగ్‌లో ఉన్నారు’ అన్నదే జవాబు. చివరికి సభ్యులే సొంత ల్యాప్‌టాప్‌లు మోసుకొచ్చారు.

వచ్చే ఏడాది పీడీఎఫ్ తయారీ, మెయిల్ మెర్జ్ (ఒకే ఉత్తరాన్ని జాబితాలోని పేర్లతో విడివిడిగా తయారుచేయడం) భాగాలు రాయాలి. రాయడానికి నలుగురు ఒప్పుకున్నారు. వాడేవాళ్ల వెనక కూర్చుని చూసి రాసుకునేవారు మాత్రం ఇంకా దొరకలేదు. రాగలిగినవారు సమావేశం ముగిసేలోపు పేర్లివ్వండి.

కార్యదర్శి